కదిరక్క నీళ్ల సీసాలు

పోయిన నెల మా యూనివర్సిటీలో కెమిస్ట్రీ పూర్వ విద్యార్థులమంతా కలిశాం. చదువు ముగించి ముప్పై ఏళ్లు దాటినవాళ్ల దగ్గర్నుంచి మొన్నమొన్న పట్టా తీసుకున్న పిల్లల వరకు చాలామందే వచ్చారు. ఐదుగురికి సన్మానం చేయాలని ముందే అనుకున్నాం. అందులో కదిరక్క సన్మాన పత్రం రాసే పని నాకు పడింది. "మీరిద్దరూ ఒకే రూములో ఉండేవాళ్లు కదా, నువ్వే రాయాలి" అన్నారు అందరూ.

సంతోషంగా ఒప్పుకున్నాను. రాత్రి పనులన్నీ అయ్యాక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క వాక్యమూ కుదరలేదు. సన్మాన పత్రాలకు ఒక భాష ఉంటుంది కదా. "విద్యావినయ సంపన్నులు, సేవాతత్పరులు, నిరాడంబరులు" అని నేనూ మొదలుపెట్టాను. చదువుకుంటే అందులో అక్క ఎక్కడా కనబడలేదు. కొట్టేసి మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. చివరికి ఒక పేజీ ఏదో రాసి ఇచ్చాను గానీ, ఆ పేజీలో పట్టనిదే ఎక్కువ. అదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. అనంతపురంలో అంత పొడుగు పేరు ఎవరూ అనరు, ఎస్కేయూ అంటే చాలు. 1968లో తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి పీజీ సెంటర్‌గా మొదలై, 1981లో సొంతంగా యూనివర్సిటీ అయింది. ఊరికి పది పదకొండు కిలోమీటర్ల దూరంలో, ఇటుకలపల్లి దగ్గర ఉంటుంది. నేను ఎమ్మెస్సీలో చేరింది 1989లో. బస్సు దిగి గేటు లోపలికి నడిస్తే ఎర్రమట్టి, గాలి, దూరంగా గుండ్లు తేలిన కొండలు. మధ్యాహ్నం పూట ఆ ఎండలో హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్ దాకా నడవడమే పెద్ద పని.

అంతకుముందు నేను బీఎస్సీ చదివింది ఊళ్లోని ఆర్ట్స్ కాలేజీలో. 1916లో పెట్టిన కాలేజీ అది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠాలు చెప్పిన చోటు, నీలం సంజీవరెడ్డి గారు చదువుకున్న చోటు. ఇద్దరు రాష్ట్రపతులు తిరిగిన వరండాల్లో మేమూ తిరుగుతున్నామని అక్కడి పిల్లలం తెగ గొప్పపడేవాళ్లం. ఎస్కేయూకు వచ్చాక అలా చెప్పుకోవడానికి పేర్లు లేవు. యూనివర్సిటీ వయసే అప్పటికి ఎనిమిదేళ్లు. చెప్పుకోదగ్గవాళ్లు ఎవరైనా కావాలంటే అది మాలో నుంచే రావాలి.

ఇప్పుడు ఆ లోటు లేదు. 2023లో సాకే భారతి పేరు పేపర్లలో, టీవీల్లో మారుమోగింది మీకు గుర్తుండే ఉంటుంది. శింగనమల మండలం నాగులగుడ్డం నుంచి కూలిపనికి పోతూ, ఇల్లు చూసుకుంటూ, బిడ్డను పెంచుకుంటూ ఎస్కేయూలో పీహెచ్‌డీ చేసిన అమ్మాయి. అదీ కెమిస్ట్రీలో. ఆ వార్త చూసిన రోజు మా బ్యాచ్ వాళ్లమంతా ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. మా అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు పట్టా తీసుకున్నంత సంబరం. నాకు మాత్రం ఆ ఫోటో చూడగానే మొదట గుర్తొచ్చింది కదిరక్క.

హాస్టల్లో మాకు సొంత పేర్లు ఉండేవి కావు. యా ఊరి నుంచి వస్తే ఆ ఊరే పేరు. "రాయదుర్గం, నీకు ఉత్తరం వచ్చిందే" అని కేకేస్తే ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చేది. మడకశిర, గుత్తి, హిందూపురం అందరూ ఒకే వరండాలో ఉండేవాళ్లు. అక్క నాకంటే ఒక సంవత్సరం సీనియర్, కదిరి దాపున ఒక చిన్న పల్లె నుంచి వచ్చింది కాబట్టి కదిరక్క. ఇప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు మాత్రం అదీ అనంతపురమే.

మొదటి రోజు రూములోకి నా పెట్టె మోసుకుని పోతే, అక్క మంచం మీద కూర్చుని రొట్టెలో ఊరిబిండి పెట్టుకుని తింటోంది. నన్ను చూసి సగం తుంచి చేతిలో పెట్టింది. "తిను పాపా, మా యమ్మ చేసింది. మెస్సులో ఇట్లాంటిది దొరకదు" అని నవ్వింది. నవ్వుతూనే ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తింటున్నందుకేమో అనుకున్నాను. తర్వాత చూశాను, ఎప్పుడు నవ్వినా అంతే. చెయ్యి ఖాళీగా లేకపోతే పుస్తకం, పుస్తకం లేకపోతే పైట కొంగు. అక్క పళ్ల మీద అడ్డంగా ముదురు గోధుమరంగు చారలుండేవి, పాత పింగాణీ గిన్నెకు పట్టిన మరకల్లాగా. మా డిపార్ట్‌మెంట్ గ్రూపు ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. ముప్పై మందిలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి ఒక్కతే.

అక్క మంచం కింద ఐదారు సీసాలుండేవి. ఆసుపత్రుల్లో గ్లూకోజ్ ఎక్కిస్తారే, ఆ ప్లాస్టిక్ సెలైన్ సీసాలు. కదిరిలో తెలిసిన కాంపౌండర్ దగ్గర ఖాళీవి అడిగి తెచ్చుకునేది. ప్రతి దానికీ ఒక తెల్లకాగితం అతికించి, దాని మీద పెన్సిల్‌తో రాసేది. "రచ్చకట్ట బోరు." "స్కూలు బోరు." "మా చేను." "ఆంజనేయస్వామి గుడి బావి." ఆ సీసాలు చూసి నేను, ఊరి నీళ్లు తప్ప వేరేవి పడవేమో అనుకున్నాను. అడిగితే అక్క ఏమీ చెప్పలేదు. "నువ్వు ఒకసారి మా ఊరికి రా, సూద్దువు" అంది అంతే.

ఆ దసరా సెలవులకు వెళ్లాను. కదిరి బస్సు మా క్యాంపస్ గేటు ముందు నుంచే పోతుంది. కదిరిలో దిగి, అక్కకు నరసింహస్వామి గుడి వీధిలో మల్లెపూలు కొనడం అలవాటు, అవి కొనుక్కుని ఇంకో బస్సు పట్టుకుని, దిగాక రెండు మైళ్లు నడిచాం. వాళ్లమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. "వస్తిరా తల్లీ" అని పిలిచింది గానీ మెడ తిప్పలేదు. మెడ తిప్పడానికి ఆమెకు రాదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా కలిపి తిరగాలి. నడుము ముందుకు వంగిపోయింది. మా నాయనమ్మ వయసు ఉంటుందనుకున్నాను. రాత్రి అక్క చెప్పింది, అమ్మకు నలభై ఆరు అని.

ఊళ్లో పిల్లల పళ్లన్నీ అక్క పళ్లలాగే ఉన్నాయి. పెద్దవాళ్లలో చాలామందికి మోకాళ్లు, నడుములు. అరుగుల మీద కూర్చుని లేచేటప్పుడు స్తంభం పట్టుకుని, ఒక్కో మెట్టుగా లేచేవాళ్లు. ఎవరూ దాన్ని రోగం అనుకోలేదు. "మా ఊరి మనుషులు ఇంతేలేమ్మా, కష్టం చేసిన ఒళ్లు" అన్నాడు ఒక తాత.

మరునాడు పొద్దున వాళ్లమ్మ పొయ్యి మీద పెద్ద బోగాణి పెట్టి తాగే నీళ్లు కాస్తోంది. పట్నం నుంచి వచ్చిన పిల్లనని నాకు తృప్తిగా చెప్పింది. "ఒక డాక్టరు జెప్పినాడమ్మా, కాసి తాగమని. అప్పట్నుంచి ఒక్క పూటా తప్పకుండా కాసే తాగుతాండాం. పుల్లలకు ఎంత కష్టమైనా సరే." నేను మంచి పని చేస్తున్నారని మెచ్చుకున్నాను. అక్క లేచి బయటికి వెళ్లిపోయింది. వెనకాలే పోయి ఏమైందని అడిగితే, గోడ వైపు చూస్తూ చెప్పింది.

"కాస్తే పురుగు సస్తాది. ఫ్లోరైడ్ యాడికి పోతాది? నీళ్లు ఆవిరైపోయి, అది ఇంకా చిక్కనైతాది. ఈ మాట మా యమ్మకు ఎట్ల జెప్పల్ల నేను? పదేండ్ల నుంచి కాస్తాండాది."

మా జిల్లా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ ఒక ఏడు పడితే ఒక ఏడు ఎగబెడుతుంది. పాతకాలంలో చెరువు కింద, దిగుడుబావుల మీద ఊళ్లు బతికాయి. చెరువులు ఎండి, బావులు అడుగంటాక బోర్లు వచ్చాయి. నూరడుగుల్లో పడని నీళ్లు రెండు వందల్లో పడితే చాలని తవ్వుకుంటూ పోయారు. మా నేల కింద ఉండేది నల్లరాయి, గ్రానైట్ జాతి. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. లోతున, రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీటిలోకి అది కరుగుతుంది. చూడ్డానికి ఆ నీళ్లు అద్దంలాగా తేటగా ఉంటాయి, రుచిలో తేడా తెలియదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగితే పళ్లు పాడైపోతాయి. అలాగే ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఈ జబ్బు పేరే ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అంటే అక్క వాళ్లమ్మ పుట్టకముందే డాక్టర్లకు తెలుసు. ఆ తెలిసింది కదిరి పక్క పల్లె దాకా నడిచి రావడానికి అక్క ఎమ్మెస్సీ చదవాల్సి వచ్చింది.

సెలవుల తర్వాత మా సార్‌ను అడిగాం. ఆయన పేరు రాస్తే ఆయనకు నచ్చదు, అందుకే రాయడం లేదు. ల్యాబ్‌లో మా ప్రాక్టికల్స్ అయ్యాక, సాయంత్రం పూట మా పని చేసుకుంటామంటే, "ఏం చేస్తారు?" అన్నారు. అక్క ఒక సీసా బల్ల మీద పెట్టింది. ఆయన కాగితం మీద రాసింది చదివి, అక్క ముఖం వైపు చూసి, జేబులో నుంచి తాళం చెవి తీసి ఇచ్చారు. "స్టాండర్డ్స్ తాజాగా చేసుకోండి. ముందు సీసాలు డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి" అని మాత్రం చెప్పారు.

ఆ సాయంత్రం నాకు నిన్న జరిగినట్టు ఉంది. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ తూచి లీటరు నీళ్లలో కరిగిస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. దాన్ని పలుచన చేసుకుంటూ పోయి, సున్నా నుంచి మొదలుపెట్టి వరసగా ట్యూబుల్లో పోశాం. ఎంత ఫ్లోరైడ్ ఉందో ముందే తెలిసిన ఈ వరసే స్టాండర్డ్స్. పొడుగాటి నెస్లర్ ట్యూబులు, అన్నీ ఒక చెక్క స్టాండులో. పక్కన అక్క ఊరి నీళ్లు. అన్నిట్లో జిర్కోనియం అలిజరిన్ ద్రావణం కొలిచి పోసి, గాజు కడ్డీతో కలిపాం. మొదట అన్నీ ఒకే రంగు, లేత ఎరుపు. ఫ్లోరైడ్ ఉన్నచోట ఆ ఎరుపు మెల్లగా విడిపోయి పసుపు తేలుతుంది. ఎంత ఉంటే అంత పసుపు. అయితే వెంటనే చూడకూడదు. గంట ఆగాలి.

ఆ గంటలో అక్క మాట్లాడినంత అంతకుముందు రెండు నెలల్లో మాట్లాడలేదు. టెన్త్‌లో ఉన్నప్పుడు ఒక ఆటల పోటీకి ధర్మవరం పోతే, అక్కడి పిల్లలు "మీ ఊళ్లో పళ్లపొడి దొరకదా?" అన్నారట. ఆ రోజు నుంచే చెయ్యి అడ్డం. ఇంటికొచ్చి బొగ్గుతో, ఇటుకపొడితో చిగుళ్లు రక్తం వచ్చేదాకా తోమిందట. ఇంటర్‌లో ఒక పుస్తకంలో ఫ్లోరోసిస్ గురించి నాలుగు లైన్లు చదివింది. "ఆ నాలుగు లైన్లు చదివినాక నాకు ఏడుపు రాలా పాపా. ఊపిరి ఆడింది. నాది మురికి కాదు, నీళ్లది తప్పు అని." అందుకే కెమిస్ట్రీ. ఇంట్లో ఒక ఎద్దును అమ్మి ఫీజు కట్టారు. నేను ఎమ్మెస్సీలో ఎందుకు చేరానో ఆ రోజు నన్ను అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు. మార్కులు వచ్చాయి, చేరాను.

గంట అయ్యాక ట్యూబులను కిటికీ దగ్గర తెల్లకాగితం మీద పెట్టి, పై నుంచి కిందికి చూశాం. రచ్చకట్ట బోరు మా చివరి స్టాండర్డ్ కంటే పచ్చగా ఉంది. అంటే మా వరసలో అది ఎక్కడా పట్టలేదు. నాలుగింతలు పలుచన చేసి మళ్లీ పెట్టి, మళ్లీ గంట ఆగాం. లెక్క వేస్తే నాలుగు దాటింది. స్కూలు బోరూ దాదాపు అంతే. అక్క నోట్‌బుక్కులో రాసుకుంటూ పోతోంది, చెయ్యి వణకలేదు. చివరి ట్యూబు గుడి బావిది. అది ఎర్రగానే ఉంది. ఒకటి లోపు. ఇద్దరం నమ్మలేక ఆ ఒక్కదాన్ని మళ్లీ చేశాం. మళ్లీ ఎర్రగానే వచ్చింది.

ఆ బావి ఊళ్లో బోరు పడ్డ తర్వాత ఎవరూ దిగక, కంప, పూడిక నిండి పాడుబడింది. లోతు తక్కువ, వాననీళ్లు నేరుగా దిగేది, అందుకే మంచిగా ఉంది. అక్క ఆ వారమే ఊరికి పోయింది. ఎవరూ వినలేదు. గలగలా నీళ్లు పోసే బోరు వదిలి పాడుబావికి పోవడం ఏంటని నవ్వారు. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే, చదువుకునే పిల్లలు చదువుకోవాలి గానీ ఇవన్నీ ఎందుకన్నారు. అక్క మూడో వారం మళ్లీ పోయింది. ఈసారి ట్యూబులు, రంగు మందు బుట్టలో గుడ్డలు చుట్టి పెట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయింది. రచ్చకట్ట మీద అందరి ముందూ రెండు నీళ్లలోనూ మందు పోసి, గంట ఆగమంది. ఆగారు. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా. మొదట లేచింది వాళ్లమ్మేనట. ఒళ్లంతా తిప్పి ఊరి వాళ్లందరి వైపు చూసి, "మా పాప అబద్ధం జెప్పదు" అందట. తర్వాతి ఆదివారం బావి పూడిక తీయడం మొదలైంది.

ఆ ఆదివారం నేను వస్తానని మాటిచ్చాను. పోలేదు. ఒక పోటీ పరీక్ష దగ్గర పడిందని రూములో చదువుకుంటూ కూర్చున్నాను. సోమవారం అక్క అరచేతులనిండా బొబ్బలతో వచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. చిటికెడు పసుపు అడిగి పూసుకుని క్లాసుకు పోయింది. ఆ పరీక్ష నేను పాసయ్యాను కూడా. ముప్పై ఏళ్లు దాటినా ఆ బొబ్బలు నా కళ్ల ముందు నుంచి పోలేదు.

తర్వాత కథ త్వరగా చెప్తాను, ఎందుకంటే చాలా వరకు నేను దూరం నుంచి విన్నదే. నాకు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, అక్క జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరైంది. 1995-96 ప్రాంతంలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వచ్చి మా జిల్లాలో 700కు పైగా ఊళ్లకు మంచినీళ్లు అందాయి. ఆ రోజుల్లో అక్క రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. "మా అత్తోళ్ల ఊరికి నల్లా వచ్చె పాపా, ఇంక వాళ్ల పిల్లోళ్లు నోరు మూసుకోకుండా నవ్వుతారు" అని రాసింది. పైపు చేరని ఊళ్లు, చేరినా కరెంటు పోతేనో మోటారు కాలితేనో మళ్లీ బోరుకే పోయే ఊళ్లు మిగిలాయి. అక్కకు ఎక్కడికి బదిలీ అయితే అక్కడ ఆ ఊళ్ల పని.

మొదట్లో చెడ్డ బోర్లకు ఎర్రరంగు పూయించింది. ఒక ఊళ్లో ఒకాయన తగువుకు వచ్చాడు. "మా ఇంటి ముందరి బోరుకు ఎర్రరంగు పూస్తే మా పిల్లకు సంబంధాలు ఎట్ల వస్తాయి టీచరమ్మా?" అని. అక్క వాదించలేదు. ఆ రాత్రే రంగు తుడిపించింది. దాని బదులు తొమ్మిదో తరగతి పిల్లల చేతనే ట్యూబుల్లో రంగు తెప్పించి, వాళ్ల అమ్మలను బడికి పిలిచి చూపించేది. ఏ బోరు గిన్నెలకు, ఏ నీళ్లు నోటికి అని ఆ అమ్మలే తేల్చుకునేవాళ్లు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి ఉంది, 1970ల్లో నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కనిపెట్టింది. అది బకెట్లో ఎలా చేయాలో నేర్పింది. పాలు, మునగాకు, ఉసిరికాయ తినమనేది. చింతపండు తింటే ఒంట్లోని ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరిశోధన చేసి చెప్పాక అక్క సంతోషం చూడాలి. నాకు ఫోన్ చేసి, "మన పుల్లగూర మందంట పాపా!" అంది.

వాళ్లమ్మ 2004లో పోయింది. బావి నీళ్లు తాగినా బిగుసుకున్న ఎముకలు మళ్లీ వదలవు, అది అక్కకు ముందే తెలుసు. చివరి రోజుల్లో కూడా అమ్మ ఆ బావి నీళ్లే అడిగి తాగేదట.

ఇక మొన్నటి సంగతి. వేదిక మీద ఐదుగురు. ఒకరు మందుల కంపెనీలో పెద్ద శాస్త్రవేత్త, ఒకరు విదేశంలో ప్రొఫెసర్, మిగతా ఇద్దరూ గొప్ప స్థాయిలో ఉన్నవాళ్లే. వాళ్లంతా కష్టపడి పైకి వచ్చినవాళ్లు, వాళ్లను చూసి నిజంగా గర్వపడ్డాను. చివరన కదిరక్క. కాటన్ చీర, చేతిలో గుడ్డసంచి. నేను పత్రం చదువుతుంటే మధ్యలో గొంతు పట్టేసింది. ఆ బావి పేరు వచ్చినచోట. ముందు వరసలో మా సార్ కూర్చున్నారు, ఎనభై దాటాయి ఆయనకు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

శాలువా కప్పాక ఫోటో తీసే అబ్బాయి "మేడమ్, కొంచెం నవ్వండి" అన్నాడు. అక్క నవ్వింది. చెయ్యి నోటికి పోయింది. "చెయ్యి తీయండి మేడమ్" అన్నాడు. తీసింది, మళ్లీ నవ్వొచ్చింది, మళ్లీ చెయ్యి పోయింది. నాలుగుసార్లు అలాగే అయింది. చివరికి ఆ అబ్బాయి చెయ్యి ఉన్నదే తీసుకున్నాడు. నా దగ్గరున్న పాత గ్రూపు ఫోటో పక్కన దాన్ని పెట్టుకున్నాను.

మైకు ఇస్తే అక్క రెండు నిమిషాలు మాట్లాడింది. "సార్ ఆ పొద్దు తాళం ఇయ్యకపోతే నాకు ఇదేమీ లేదు" అని సార్‌కు దండం పెట్టింది. తర్వాత మా అందరినీ చూసి, "మీలో శానామంది కాలేజీల్లో ఉండారు. మీ ల్యాబులు సాయంత్రం నాలుగు తర్వాత ఖాళీగా ఉంటాయి కదా" అంది. అంతే, కూర్చుంది. జనం చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒక క్షణం ఆగి, తర్వాత గట్టిగా కొట్టారు.

భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచి వాళ్లబ్బాయి కారు దగ్గరికి తీసుకుపోయింది. డిక్కీ తెరిస్తే, నలభై దాకా ప్లాస్టిక్ సీసాలు. కొత్త బోర్లు వేసిన మూడు ఊళ్లవి. అదే తెల్లకాగితం, అదే పెన్సిల్ రాత. దారిలో దొర్లకుండా వాటి చుట్టూ ఏదైనా పెట్టాలని అటూ ఇటూ చూసి, భుజం మీది శాలువా తీసి మడిచి, సందుల్లో కుక్కింది.

"మా బడిలో మందు అయిపోయింది పాపా. నీ కాలేజీలో చేస్తావా?"

"మా దగ్గర ఇప్పుడు స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది అక్కా. ఒక్క పూటలో నంబర్లన్నీ ఇచ్చేస్తాను."

"నంబర్లు సరే. నంబరు చూపిస్తే అవ్వకు ఏమి తెలుస్తాది? ట్యూబుల్లో కూడా పెట్టు. రంగు ఫోటో తీసి పంపు. ఊళ్లో చూపియ్యల్ల."

సోమవారం నాలుగు గంటలకు మా ఫైనలియర్ పిల్లలు పదకొండు మందిని ఉండమన్నాను. మెషీన్ మీద నంబర్లు తీశాం. తర్వాత స్టోర్‌రూములో అడుగున పడి ఉన్న నెస్లర్ ట్యూబులు వెతికి, కడిగి, స్టాండర్డ్స్ కట్టి, సీసాల్లోని నీళ్లు కొలిచి పోశాం. ఒక అమ్మాయి లేబుళ్లు చదువుతూ రాసుకుంటోంది. "ఎస్సీ కాలనీ బోరు. అంగన్‌వాడీ. మసీదు ముందర. పెద్దమాను దగ్గర." అన్నిట్లో రంగు మందు పోసి కలిపాక, అందరూ కళ్లార్పకుండా ట్యూబుల వైపే చూస్తున్నారు.

"ఎంతసేపు ఆగాలి మేడమ్?" అన్నారు.

"గంట" అన్నాను. కిటికీలోంచి ఎండ ట్యూబుల మీద పడకుండా తలుపు దగ్గరికి వేసి, స్టూలు లాక్కుని వాళ్ల మధ్యలో కూర్చున్నాను. "మా హాస్టల్లో ఒక అక్క ఉండేది" అని మొదలుపెట్టాను.